బానెట్‌లో దొరసాని

తన పిల్లి దొరసాని కోసం పెద్దాయన చేయని సేవ లేదు. చలి మొదలుకాగానే అట్టపెట్టెకు గాలి దూరకుండా చుట్టూ పాత తివాచీ ముక్కలు అతికించాడు. లోపల ఉన్ని దుప్పటి పరిచాడు. నిన్న ఆ దుప్పటి మాసిందని పనిగట్టుకుని వాసన సబ్బుతో ఉతికి, ఆరబెట్టి, మళ్లీ పరిచాడు. దొరసాని వచ్చి వాసన చూసింది. తుమ్మింది. తన ఒంటి వాసన లేని ఆ పడక ఎవరిదో అనుకుందేమో, మళ్లీ దానివైపు కన్నెత్తి చూడలేదు.

పొద్దున లేచేసరికి వంటింటి కిటికీ రెక్క తెరుచుకుని ఉంది. పిల్లి లేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా అదీ. పైగా అది వయసు మళ్లిన ప్రాణం. పోయిన చలికాలం ఆయాసంతో చావు దాకా వెళ్లొచ్చింది. ఆయన వీధిలోకొచ్చి "దొరసానీ, దొరసానీ" అంటూ మెట్ల సందులన్నీ వంగి చూడసాగాడు. అటుగా పోతున్న ఒకావిడ తననే అంటున్నాడేమోనని గుర్రుగా చూసింది.

పక్కింటి డ్రైవింగ్ మాస్టారి కారు కాసేపటి క్రితమే ఒక పాఠం ముగించుకొచ్చి గేటు ముందు ఆగింది. మాస్టారు టీ తాగొచ్చి, తర్వాతి శిష్యురాలిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. ఆమె ఆసుపత్రిలో నర్సు. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది, ఈ ఉదయం మూడోసారి వెళ్తోంది. ఆమె తాళం తిప్పబోతుండగా బానెట్ లోపలి నుంచి సన్నగా, విసుగ్గా ఒక 'మ్యావ్' వినిపించింది.

"ఆపమ్మా! ఆపు!" పెద్దాయన కారుకు అడ్డం పడ్డాడు.

నర్సు తాళం వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. "నేనింకా ఏమీ చేయలేదు మాస్టారూ!"

"బాబాయ్, పొద్దున్నే ఏంటీ గోల? పరీక్షకు టైమవుతోంది!" మాస్టారు విసుక్కున్నాడు.

"లోపల మా పిల్లి ఉందయ్యా."

"ఇల్లంతా దాని పరుపులేగా! నా ఇంజనే దొరికిందా?"

"అదేమన్నా నన్నడిగి ఎక్కిందా?"

బానెట్ ఎత్తారు. అడుగున, ఫ్యాను పక్కనే, రెండు పచ్చటి కళ్లు. తాళం తిరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటూనే పెద్దాయన ఇంజను మీదకి వంగాడు. బతిమాలాడు. ఇంట్లోంచి చేపముక్క తెచ్చి చూపించాడు. తిట్టాడు. చేయి పెడితే గీరింది. హారన్ కొడదామన్నాడు మాస్టారు. బెదిరి ఇంకా లోపలికి దూరుతుందని నర్సు ఆపింది.

"వెచ్చగా ఉందనే కదా కూర్చుంది. బానెట్ ఇలాగే తెరిచి ఉంచండి. చల్లబడితే అదే వస్తుంది," అంది.

"అప్పటికి నీ పరీక్ష కూడా చల్లబడుతుంది!"

"రెండుసార్లు తప్పినదాన్ని, నాకిది కొత్తా మాస్టారూ? పిల్లిని చంపి లైసెన్సు తెచ్చుకోలేను."

 పెద్దాయన తన మెడలోని మఫ్లరు తీసి, చలికి చుట్టుకోమని ఆమె చేతిలో పెట్టాడు.

జబ్బు మనిషి మంచం చుట్టూ చేరిన చుట్టాల్లా ముగ్గురూ ఇంజను చుట్టూ నిలబడ్డారు. "జీవితమంతా బండి వేడెక్కకుండా చూసుకోమని చెప్పాను. చల్లారడం కోసం మొక్కుకోవడం ఇదే మొదలు," అని గొణిగాడు మాస్టారు.

చివరికి దొరసాని వచ్చింది. తొందరేమీ లేదు. మీసాలకు గ్రీజు, మొహం నిండా చిరాకు, ఎవరో తన గది తలుపు తీసి వేయకుండా పోయినట్టు. పెద్దాయన గబుక్కున అందుకుని కోటులోకి దోపుకున్నాడు. ఛాతీ మీద గోళ్లు దిగాయి. దిగనీ, అనుకున్నాడు.

"ఎక్కమ్మా, ఎక్కు! ఇంకా అందుకోవచ్చు!" మాస్టారు బానెట్ దభీమని మూశాడు.

నర్సు ఎక్కింది. తాళం పట్టుకుంది. మళ్లీ దిగింది. ముందుకొచ్చి బానెట్ మీద దబదబా చరిచి, చెవి ఆనించి వింది.

"పిల్లి ఆయన కోటులో ఉంది కదమ్మా! తోక కూడా కనిపిస్తోంది!"

"ఇంకోటి ఉంటే?"

మాస్టారు ఆకాశం వైపు చూశాడు.  తర్వాత తనే రోడ్డు మీద మోకాళ్లూని కారు కిందకి తొంగి చూశాడు.