ఎడమ పక్క ఊరు

"ఎల్లారెడ్డి దాటితే నీకు తూర్పేదో పడమరేదో తెల్వది. నువ్వు కామారెడ్డి దాంక పోతవా?" అని భర్త లక్ష్మణ్ పొద్దున్నే రొట్టె తుంచుకుంటూ నవ్వాడు. కృపారాణి పెనం మీది జొన్నరొట్టెను తిప్పేసింది. "పదిహేనేండ్ల సంది బండి మీద తిప్పుతున్న. ఒక్క తొవ్వన్న గుర్తున్నదా నీకు?" అని కూడా అన్నాడు. కోపంగా అనలేదు, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టే అన్నాడు. అందుకే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

సంగతేమిటంటే, మహిళా సంఘానికి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. కత్తిరించిన బట్ట కామారెడ్డిలో ఒక గోదాములో ఉంది. ఆ రోజు పన్నెండు గంటల్లోగా ఎవరూ పోయి తెచ్చుకోకపోతే వేరే ఊరి సంఘానికి ఇచ్చేస్తారు. పదిమంది ఆడవాళ్ల చేతిలో పని జారిపోతుంది. "స్కూటీ ఉన్నది నీ ఒక్కదానికే గద కృపా" అంది సంఘం పెద్ద విమలమ్మ. తమ్ముడు సీమోను దుబాయి పోతూ వదిలిపోయిన స్కూటీ అది. లైసెన్సు చేతికొచ్చి నెల. "గోదాం మీ ఆడిబిడ్డ ఇంటెనుక సందులనేనట" అని విమలమ్మ అనగానే, "అయితే నాకెరికే" అనేసింది కృపారాణి. యాభై సార్లయినా పోయిన ఇల్లు మరి!

కామారెడ్డి దాకా రోడ్డే తీసుకుపోయింది. పట్నంలో అడుగుపెట్టాక చూస్తే ఏ సందూ తెలిసిన ముఖం పెట్టలేదు. పదకొండు దాటేసరికి ఒకే చౌరస్తాకు మూడుసార్లు వచ్చింది. ఫోనులో పటం ఉంది గానీ దానికి ఆడిబిడ్డ ఇల్లు ఏం తెలుసు? గోదాముకు బోర్డు లేదు. విమలమ్మకు తెలిసింది చెప్పనే చెప్పింది. ఆడిబిడ్డకే ఫోన్ చేద్దామంటే, ఐదు నిమిషాల్లో లక్ష్మణ్ చెవిన పడుతుంది. ఆ తర్వాత ప్రతి పెండ్లిలో, ప్రతి ప్రార్థన కూటంలో పదేండ్లు చెప్పుకొని నవ్వుతారు.

రోడ్డు పక్క చాయ్ అమ్మే డబ్బా కొట్టు దగ్గర బండి ఆపింది. యాభై సార్లు వచ్చి నేను చూసిందేమిటి అనుకుంది. ముందుకు చూస్తే లక్ష్మణ్ వీపు. ఆ చొక్కా కాలరు మీద మురికి ఎక్కడెంత పడుతుందో బాగా తెలుసు, రుద్దేది తనే కనుక. దారి మాత్రం ఎప్పుడూ ఆ వీపుకు అవతలే ఉండేది. చీర కట్టుకొని రెండు కాళ్లూ ఎడమకే వేసి కూర్చోవాలి. ఒడిలో పిల్ల, పిల్ల పక్కన కూర టిఫిను, ఒకసారైతే ఆడిబిడ్డ కోసం కాళ్లు కట్టిన కోడి. పోయేటప్పుడు ఒక పక్క చూసింది, వచ్చేటప్పుడు రెండో పక్క చూసింది. రెండు పక్కలూ కలిసిన రోడ్డును మాత్రం ఏనాడూ చూడలేదు. మొన్న కూతురు వినీత బడి నుంచి వచ్చి ఏమంది? "మెదడుల చిన్న ముక్క ఉంటదంట అమ్మా. మనం తిరిగిన జాగలన్ని అండ్ల పటం లెక్క గీసుకుంటదంట. ఏడ మర్లాల్నో ఆలోచన జేసి నడిపేటోళ్లకు మంచిగ గీస్తదంట. ఊకె ఎనుక కూసున్నోళ్లకు గంత మంచిగ గీయదంట." అంటే తన తలలో తక్కువేమీ లేదన్నమాట. ఇంట్లో లక్ష్మణ్ బెల్టు, అత్త మందుబిళ్లలు, వినీత జామెట్రీ డబ్బా ఎక్కడున్నాయో కరెంటు పోయినా చెప్తుంది. ఆ పటం గీసింది ఈ తలే. రోడ్డు గీసే పని దానికి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

ఆమెకు నవ్వొచ్చింది. బండికి స్టాండు వేసి, వెనక సీటు మీద ఎడమకు తిరిగి, రెండు కాళ్లూ ఒక పక్కకే వేసి కూర్చుంది. సంచీ ఒడిలో పెట్టుకుంది.

చాయ్ డబ్బా బాలనర్సయ్య గరిటె ఆపేశాడు. "ఏందక్కా, నడిపేటాయన ఏడ వోయిండు?"

"నడిపేటిదాన్ని నేనే అన్నా. ఎనుక కూసున్నామెను తొవ్వ అడుగుతున్న."

"చెప్తదా మరి?"

"జర ఆగు, చెప్తది."

చెప్పింది. ఇటు నుంచి చూస్తే అదిగో పసుపు గోడల పిండిగిర్ని! దాని తర్వాత పావురాల ఇల్లు రావాలి. అది దాటగానే బండి ఒకసారి ఎగిరిపడేది. వెంటనే తను సీటు కింది కడ్డీ గట్టిగా పట్టుకునేది, వెనక్కి పడిపోతానేమో అన్నట్టు. ఎందుకు? బండి కుడికి మళ్లేది కాబట్టి! తను ఎన్నడూ చూడని పక్కకు. కళ్లు చూడకపోయినా నడుము గుర్తుపెట్టుకుంది.

గిర్ని, పావురాలు, స్పీడ్ బ్రేకర్, కుడి మలుపు. ఆడిబిడ్డ గేటు ఎడమ చేతికే ఎదురొచ్చింది.

గేటు దగ్గరే ఆడిబిడ్డ నిలబడి ఉంది. "కృపా! మా తమ్ముడేడి?"

"రాలే వదినా."

"మరెవలు తోలుకొచ్చిన్రు?"

"నేనే వచ్చిన."

"యేసయ్యా! సరే, వచ్చినవ్ గద, లోపలికొచ్చి జర బియ్యం కడుగు. చుట్టాలున్నరు."

ఇంకెప్పుడైనా అయితే చెప్పులు విడిచి లోపలికి పోయేదే. "ఇయ్యాల పని మీదొచ్చిన వదినా" అని బండి పోనిచ్చింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా వెనక సందులోని గోదాములో రిజిస్టరు మీద సంతకం పెట్టింది. రెండు మూటలు ముందు, ఒకటి వెనక కట్టుకొని ఊరు దాటుతుండగా ఫోన్ మోగింది. బండి పక్కకు ఆపి ఎత్తింది.

"అక్క ఫోన్ చేసింది. ఒక్కదానివే పోయినవంట!" లక్ష్మణ్ గొంతులో ఆశ్చర్యం. "ఆడనే ఉండు, బస్సెక్కి వచ్చి నేను తోలుకొస్త."

"వద్దు. బట్ట దొరికింది, బయలెల్లిన."

"మంచిగ. అయితే పోయిన తొవ్వలనే రా. వేరేదాంట్ల గిట్ల పోకు."

కుట్టడం మొదలయ్యేది రేపు. ట్యాంకులో పెట్రోలుంది. కుడి పక్కకు గాంధారి బోర్డు కనిపిస్తోంది. ఆ దారిలో లక్ష్మణ్ ఆమెను ఎన్నడూ తీసుకుపోలేదు.

"నేను గాంధారి మీదికెళ్లి వస్త" అంది.

"ఆ తొవ్వ నీకు తెల్వది గద!"

"తెల్వది. ఇంటికొచ్చే వరకు తెలుస్తది."