రెండో విజిల్

కాలేజీ కమిటీ పెద్దల్లారా, ఈ మాటలు మీకే. క్రమశిక్షణ నేర్పిన మనిషిని గేటు బయటికి గెంటింది మీరు. ఆయన మెడలో ఉన్న విజిల్ని అద్దాల బీరువాలో పెట్టి, కింద 'క్రమశిక్షణ' అని అట్టముక్క అంటించిందీ మీరే. అంటించేటప్పుడు మీలో ఒక్కరికీ నవ్వు రాలేదు. అంత నిగ్రహం మా టీముకు కూడా లేదు.

ఆ ఇత్తడి విజిల్ని నేనే. రేకును అచ్చులో పెట్టి కొట్టారు, కడుపులో ఒక బెండు గోళీ వేశారు, మూతి అతికారు. నా పుట్టుక గురించి చెప్పుకోడానికి అంతకంటే ఏమీ లేదు. మొదట దేవదానం అనే రైల్వే గార్డు చేతిలో పడ్డాను. తెనాలి వైపు గూడ్సు బళ్ల మీద తిరిగాం ఇద్దరం. ఆయన నన్ను ఊదితే బండి కదిలేది. పోతూ పోతూ నన్ను కొడుకు మెడలో వేశాడు. కొడుకు పేరు కృపావరం, మీ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్. ఆయన ఊదితే మనుషులు ఆగేవాళ్లు. తండ్రి దగ్గర కదిలించే పని, కొడుకు దగ్గర ఆపే పని. రెండోదే కష్టం. గూడ్సు బండికి పొగరుండదు.

కృపావరం మాస్టారు వచ్చేనాటికి మీ టీము ఎలా ఉండేదో మరిచిపోయి ఉంటారు. ఓడిపోతే రెఫరీని షెడ్డు వెనక్కి తీసుకెళ్లేవాళ్లు. గెలిచినా తీసుకెళ్లేవాళ్లు, అలవాటు కొద్దీ. మాస్టారు వాళ్లను కొట్టలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క పద్ధతి పెట్టాడు. నన్ను ఊదగానే ఎవడు ఎక్కడున్నా ఆగి, ఒక మోకాలు నేలకానించి, నోరు మూసుకోవాలి. తప్పు చేసినవాడు తనంతట తనే చెయ్యెత్తాలి. నన్ను రెండోసారి ఊదితే లేవాలి.

"రెఫరీ చూశాడా లేదా అన్నది నాకక్కర్లేదురా. పైవాడు చూశాడు. ఆ సంగతి నీకు తెలుసు. చెయ్యెత్తు" అనేవాడు.

మిషన్ కాంపౌండు చర్చిలో చిన్నప్పటి నుంచీ మోకరించిన మనిషి. మనిషికి బుద్ధి మోకాలి దగ్గర మొదలవుతుందని ఆయన నమ్మకం. అందరి నమ్మకమూ అదే కావాలని మాత్రం అనలేదు. ఫార్వర్డు ఆడే మస్తాన్ వలీ మొదటి రోజే అడిగాడు.

"సార్, మేం నమాజులో రెండు మోకాళ్లూ వేస్తాం. ఒకటే వేస్తే ఎట్టా?"

"రెండోది ఇంటికెళ్లి వెయ్యరా. ఇక్కడికి ఒకటి చాలు."

గోల్‌కీపర్ మల్లికి ఇంకో అనుమానం. "నాకు దేవుడంటే పెద్ద నమ్మకం లేదు సార్. నేనేం తలుచుకోను?"

"గోల్ పోస్టును తలుచుకో. దాన్నే కాపాడాల్సింది."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది. "నా నోటిని నమ్మొద్దురా. కోపమొస్తే అది ఏదైనా అంటుంది. లేవమన్నా లేవొద్దు, పొమ్మన్నా పోవద్దు. విజిల్ వినండి." నాది గార్డు గొంతు. కొంచెం బొంగురు. నూరు విజిళ్ల మధ్య ఊదినా పిల్లలు నన్ను గుర్తుపట్టేవాళ్లు.

ఆదివారం ప్రాక్టీసు ఉండేది కాదు. నేను చొక్కా లోపల ఆయన గుండెకానుకుని చర్చికి పోయేదాన్ని. పాస్టరు గారి ప్రసంగం మరీ పొడుగైపోతే మాస్టారు చెయ్యి మెల్లగా నా మీదికి వచ్చేది. ఒక్కసారీ ఊదలేదు. విశ్వాసమంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

మూడు కప్పులు వరసగా వచ్చాయి. వార్షికోత్సవంలో కరస్పాండెంట్ చలమయ్య గారు మైకు పట్టుకుని, "మా పిల్లలు దైవభక్తితో ఆడతారు" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే ఆయన మాస్టారి చెవిలో అన్న మాట నేను విన్నాను. "గ్రౌండు మీద కమిటీ కన్ను పడిందయ్యా. కాలేజీ బస్సులు పెట్టుకోడానికి చోటు లేదంటున్నారు. ఈసారి కూడా కప్పు వస్తే గ్రౌండు ఉంటుంది. రాకపోతే నా చేతిలో ఏం లేదు."

ఫైనల్ మన గ్రౌండులోనే. ఎవరికీ గోల్ రాలేదు, ఆట చివరికొచ్చింది. ఎడమ నుంచి బంతి ఎత్తుగా లేచొచ్చింది. మస్తాన్ ఎగిరాడు. తల అందలేదు, చెయ్యి అందింది. బంతి వలలో పడింది. రెఫరీకి అవతలి టీము డిఫెండరు వీపు అడ్డం. గోల్ ఇచ్చేశాడు. జనం కుర్చీలెక్కారు. చలమయ్య గారు పక్కనున్న ముఖ్య అతిథిని కావలించుకున్నారు.

మస్తాన్ మాత్రం మాస్టారి వంక చూశాడు. చెయ్యి ఎత్తలేదు. గ్రౌండు సంగతి టీముకంతా తెలుసు. ఆ చేత్తోనే గ్రౌండు నిలబెట్టాడు, దాన్నెలా ఎత్తుతాడు? మాస్టారూ వాణ్ణే చూశాడు. ఆయన వేళ్లు నా మీదికి వచ్చాయి. ప్రసంగం పొడుగైనప్పుడు వచ్చే వేళ్లే. ఈసారి మాత్రం ఊదాడు.

పదకొండు మందీ ఎక్కడివాళ్లక్కడ మోకాలు వేశారు. జనం కుర్చీలు దిగారు. మస్తాన్ చెయ్యి పైకి లేచింది.

"నేనే సార్. చేత్తో కొట్టా."

రెఫరీ గోల్ రద్దు చేశాడు, అవతలి వాళ్లకు ఫ్రీకిక్ ఇచ్చాడు. అక్కడితో ఆగితే బాగుండేది. గీత బయటున్నవాడు ఆట మధ్యలో విజిల్ ఊదడం తప్పు. రెఫరీ పరుగెత్తుకొచ్చి, మాస్టారి మెడలోంచి నన్ను లాక్కుని, గుప్పిట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. మాస్టారు అప్పుడే రెండోసారి ఊదబోతున్నాడు.

ఇక రెండో విజిల్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

రెఫరీ తన ప్లాస్టిక్ విజిల్ ఊది ఆట మొదలెట్టాడు. మనవాళ్లు లేవలేదు. అది నా గొంతు కాదు. "లేవండ్రా! ఆడండ్రా!" అని మాస్టారు గొంతు చించుకున్నాడు. ఒక్కడూ కదల్లేదు. ఆ నోటిని నమ్మొద్దని చెప్పింది ఆ నోరే కదా. అవతలి పిల్లవాడు బంతి దగ్గర నిలబడి, రెఫరీ వంక చూసి, "ఆడమంటారాండీ?" అని అడిగాడు. ఆడమన్నాడు. వాడు పక్కవాడికి బంతి అందించాడు. ఆ పక్కవాడు దాన్ని తోసుకుంటూ, పూజగదిలో నడిచినట్టు అందరినీ తప్పుకుంటూ వచ్చాడు. మల్లి గోల్ పోస్టుల మధ్య మోకాలి మీద ఉన్నాడు. బంతి పక్కనించి పోతుంటే దాన్ని మర్యాదగా చూశాడు. ఇదంతా నేను రెఫరీ వేళ్ల సందులోంచి చూశాను.

మర్నాడు విచారణ. సాక్ష్యంగా నన్ను బల్ల మీద పెట్టారు.

"రెఫరీకే కనపడలేదు గదయ్యా, నీకెందుకు కనపడింది?" అన్నారు చలమయ్య గారు.

"కళ్లు బాగానే ఉన్నాయండి ఇంకా."

"నీ దేవుడు మా కప్పు తీసుకుపోయి అవతలి కాలేజీకిచ్చాడు!"

"వాళ్లకూ ఆయనే గదండీ."

మస్తాన్ పిలవకుండానే లోపలికొచ్చాడు. "తప్పు నాది సార్. నన్ను తీసెయ్యండి. మాస్టార్ని కాదు."

మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "గోల్ తప్పు నీది, ఒప్పుకున్నావు, అయిపోయింది. మిగతాది నాది. వంగడం నేర్పాను గానీ, మీ అంతట మీరు లేవడం నేర్పలేదురా."

వార్షికోత్సవంలో దైవభక్తి అని మెచ్చుకున్న దాన్నే మతం పిచ్చి అని రాసి, మాస్టార్ని పంపించేశారు. పెనాల్టీ గుర్తు మీద ఇప్పుడు కాలేజీ బస్సు ఆయిల్ మరక ఉంది. నేను మాత్రం బీరువా ఎక్కాను. ఎవరో తనిఖీకి వస్తున్నారంటే నన్ను చింతపండు పెట్టి తోమారు కూడా.

ఇన్నేళ్ల తర్వాత మొన్న మస్తాన్ వచ్చాడు. మున్సిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారట. నన్ను ఇమ్మని అడిగాడు. "కాలేజీ ఆస్తి, ఇవ్వడం కుదరదు" అన్నారు చలమయ్య గారు. గార్డు దేవదానం మీ కాలేజీలో ఎప్పుడు పనిచేశాడో నాకైతే తెలియదు.

పోయేముందు మస్తాన్ అద్దానికి ముఖం ఆనించి చలమయ్య గారితో అన్నాడు. "ఆదివారం చర్చి బయట మాస్టారి కోసం చూస్తుంటానండీ. ప్రసంగం పొడుగైతే ఇప్పటికీ ఆయన చెయ్యి మెడ దగ్గరికి పోతుంది. అక్కడేం ఉండదు."

నాకు పొగడ్తలొద్దు, తోమడమూ వద్దు. ఈ తాళం తియ్యండి. బస్సుల్ని రోడ్డు మీద పెట్టుకోండి, గ్రౌండు ఖాళీ చెయ్యండి. కృపావరం మాస్టార్ని ఆదివారం కాకుండా ఏ రోజైనా సరే పిలిచి, గ్రౌండు నడిమధ్యన నిలబెట్టి, నన్ను ఆయన మెడలో వెయ్యండి. ఆ పదకొండు మందిని పిలిపించండి. ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లల్ని కన్నారు, అయినా నా లెక్కలో వాళ్లింకా అక్కడే మోకాలి మీద ఉన్నారు.

రెండో విజిల్ ఊదనివ్వండి. ఆ తర్వాత ఎప్పుడు లేవాలో వాళ్లకు ఎవరూ ఊది చెప్పనక్కర్లేదు.