భార్గవి అడిగిన అద్దం

మలయాళీల ఉగాది, విషు పండుగ రేపనగా కుట్టప్పన్ ఆచారి లోహపు అద్దంలో మచ్చ బయటపడింది. ఆవగింజలో సగం ఉంటుంది. లోహం పోసినప్పుడు లోపల చిక్కుకున్న గాలిబుడగ, తొమ్మిది రోజులు అరగదీశాక పైకి తేలింది.

ఆయన అద్దాన్ని మళ్లీ గోనెపట్టా మీద బోర్లించి, నూనెలో కలిపిన మట్టిపొడి వేసి రుద్దడం మొదలుపెట్టాడు. ఎంత రుద్దినా బుడగ పోదు. ఒకేచోట రుద్దితే లోహం గుంటపడి, చూసుకునేవాడి ముఖం వంకరపోతుంది. ఆ సంగతి ఆయనే పదిమందికి నేర్పాడు. అయినా పళ్లు బిగించి రుద్దుతూనే ఉన్నాడు.

ఆరన్ముళలో పెళ్లిళ్లకు, గుళ్లకు ఆయన చేతి అద్దం కోసం నెలల తరబడి కాచుకుంటారు. ఆయన ఇంట్లో మాత్రం అద్దం లేదు. కాపురానికి వచ్చిన ఏడాదే భార్గవి అడిగింది. విషు తెల్లవారుజామున కళ్లు తెరవగానే చూసే కణిలో దీపం, రేల పూలు, దోసకాయతోపాటు అద్దమూ ఉండాలి కదా అంది. ఆయన సరేనన్నాడు. ఏటేటా ఆమె పేరున ఒకటి పోశాడు. ఏటేటా అందులో ఏదో ఒకటి కనబడింది. ఒకసారి చుక్క, ఒకసారి గీత, ఒకసారి తనకు తప్ప ఎవరికీ కనబడని అల. సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే గాజులా ముక్కలయ్యేది. ముక్కలు మళ్లీ మూసలోకి పోయేవి. భార్గవి చింతపండుతో తోమిన ఇత్తడి పళ్లెం కణిలో ఆనించేది. అందులో ముఖం పసుపుముద్దలా కనిపించేది.

ముప్పై ఒక్క ఏళ్లు అలా గడిచాయి. నిరుడు భార్గవి చనిపోయిన మైలవల్ల ఇంట్లో కణి పెట్టలేదు. ఈ ఏడు మళ్లీ ఆమె పేరునే ఈ అద్దం పోశాడు.

అక్క పంకజాక్షి దోసకాయ పట్టుకుని కొలిమి గది గుమ్మంలో నిలబడింది.

"ఏరా కుట్టప్పా, ఇంకా గీకుతున్నావా?"

"అది అక్కడ పెట్టి వెళ్లు చేచీ."

"వెళ్తాలే. రేపు కూడా పళ్లెమేనా? ఊరందరికీ అద్దాలు పోసేవాడి ఇంట్లో పళ్లెంలో ముఖం చూసుకోవాలి. ఎవరికైనా చెబితే నవ్విపోతారు."

"మచ్చ ఉంది."

"నీ ముఖాన ఎన్ని ఉన్నాయో చెప్పనా?"

ఆమె దోసకాయను బల్లమీద ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. ఆయన అద్దాన్ని వెలుతురుకేసి ఎత్తాడు. మచ్చ అక్కడే ఉంది. ఇంకాస్త పెద్దదైంది కూడా. చెయ్యి సుత్తి మీదికి పోయింది.

"ఆగు అచ్ఛా."

తండ్రిని ఆపింది కూతురు సుధర్మ. పక్కనే కూర్చుని ఇత్తడి చట్రం ఆకురాయితో రాస్తోంది. ఆయన దగ్గరే పని నేర్చింది.

"నీ పని నువ్వు చూసుకో."

"మొన్న కుంభ మాసంలో నేను పోసిన అద్దంలోనూ ఇలాంటి మచ్చే పడింది. పగలగొట్టబోతే సుత్తి లాక్కున్నదెవరు?"

"అది వేరు."

"ఏం వేరు? 'పోనీలే మోళే, బుడగ నీ చేతిలో లేదు, చెయ్యి అలిసిపోయింది' అన్నావు. పెళ్లివాళ్లకు మచ్చ చూపించి మరీ ఇచ్చావు. వాళ్లు నవ్వుతూ పట్టుకెళ్లారు."

"నువ్వు నిన్నగాక మొన్న నేర్చుకున్నదానివి. నాది నలభై ఏళ్ల చెయ్యి."

"నలభై ఏళ్ల చెయ్యి అని బుడగకి చెప్పావా?"

ఆయన సుత్తి ఎత్తాడు. "మీ అమ్మ ముప్పై ఒక్కసార్లు అడిగింది. ఒక్కటివ్వలేదు. ఇప్పుడు ఆమె పోయాక ఈ మచ్చదాన్ని కణిలో పెట్టమంటావా?"

"అమ్మ ఎప్పుడైనా మచ్చలేనిది అడిగిందా?"

అడగలేదు. అద్దం కావాలంది, అంతే. ఆమె పేరున పోసినవన్నీ కరిగి, పరాయి అద్దాలై పరాయి ఇళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు వాటిలో బొట్టు దిద్దుకుంటున్నారు. మళ్లీ పోద్దామంటే పొద్దు లేదు.

సుత్తిని మూలనున్న మట్టికుప్పలోకి విసిరేశాడు. అది పిడిదాకా దిగబడింది. కోపం మాత్రం అలాగే ఉంది.

"లక్క వేడి చెయ్యి. చట్రంలో బిగిద్దాం," అన్నాడు కసిరినట్టు.

తెల్లవారుజామున సుధర్మ వెనకనుంచి ఆయన కళ్లు మూసి నడిపించుకొచ్చింది. కణి ముందు కూర్చోబెట్టి చేతులు తీసింది. దీపం, రేల పూలు, దోసకాయ. వాటి వెనక ఆయన ముఖం. మచ్చ సరిగ్గా ఎడమ కంటి కింద పడింది. రుద్ది రుద్ది తెచ్చిన గుంటవల్ల ఆ వైపు చెంప కాస్త వంగింది.

మచ్చను రుద్దడానికి బొటనవేలు దానికదే లేచింది.

"చెయ్యి పెట్టకు," అంది సుధర్మ.

దించాడు. అద్దంలో ఉన్నవాడిని చూశాడు. ముప్పై ఒక్క అద్దాలు పగలగొట్టినవాడు. నిద్రలేని కళ్లు, గోళ్లసందుల్లో నల్లనూనె. వేరే పనివాడెవడైనా ఇలా ఎదురుగా కూర్చుంటే తను ఏమని ఉండేవాడో ఆయనకు తెలుసు. ఆ మాట అనబోయాడు. అద్దానికి ఇంకాస్త దగ్గరగా వంగాడు.

"పోనీలే," అన్నాడు అద్దంలోని ముసలాడితో. "చెయ్యి అలిసిపోయింది."

అన్నాక కూడా కళ్లు మచ్చమీదికే పోయాయి. సుత్తి మాత్రం ఇంకా మట్టిలోనే ఉంది.