హైమక్క తోలు తురుము

దబ్బపండు తొక్కను సన్నపళ్ల తురుముపీట మీద గీకుతున్నాను. పసుపు రాలిన చోట మా పెద్ద తోడికోడలు హైమావతి నుదురు బయటపడుతోంది, బొట్టుతో సహా. బొట్టు చుట్టూ తప్పించి గీకుతాను. ముత్తైదువ కదా.

నిన్న మా మరిది గృహప్రవేశంలో పులిహోర తిన్నవాళ్లందరూ "ఎవరి చేయి?" అని అడిగారు. మావాళ్లు వంట ఎవరిదని అడగరు, చేయి ఎవరిదని అడుగుతారు. హైమక్క తన చేయి ఎత్తింది. వండింది నేను, తురిమింది నేను. పేరు ఆవిడకి, తొక్క నాకు. ఆవిడ చెప్పింది పచ్చి అబద్ధం, నా చేతిలో ఉన్నది పండు. అందరి ముందూ "ఇది సువర్చల చేయి" అని ఆ నోటితోనే అనిపించాలి. అప్పటిదాకా ఆపను.

తోలు తీస్తానని మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు అంటారు, తీసిన పాపాన పోరు. పండు దబ్బదే అయినా నేను నిమ్మళంగా తీస్తున్నాను.

మొదట ఆవిడ మర్యాద రాలుతుంది. తర్వాత నవ్వు. నవ్వు తురుము పోపులో వేస్తే ఆవాలు మొహమాటపడి చిటపటలాడడం మానేస్తాయి. వంటిల్లు బంతికి సరిపడా పొడుగవుతుంది. నిన్నటి చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చునే ఉన్నారు.

"ఎవరి చేయక్కా?" అని పండుని అడుగుతాను.

"నాదేనే."

ఇంకాస్త గీకుతాను. పసుపు అయిపోతోంది. కింద తెల్లపొర తగిలితే పులిహోర చేదెక్కుతుంది. తురిమేవాళ్లెవరైనా అక్కడ ఆగాలి.

"తెలుపొచ్చేసిందే సువర్చలా, ఇక ఆపు," అంటుంది హైమక్క. "చేదైతే మాత్రం నీ చేయేనని చెప్పేస్తాను."

నాకు కావలసింది ఆ మాటే. తెలుపంతా తురిమి అన్నంలో కలిపి, నేనే వడ్డిస్తాను.

మొదటి ముద్దకే బంతి మొత్తం మొహాలు ముడుచుకుంటుంది. ఎవరి చేయని అడుగుతారు. తోలు లేని హైమక్క పండులోంచి లేచి నిలబడి, ఇల్లంతా వినబడేలా చెబుతుంది.

"ఇది సువర్చల చేయి."

చుట్టాలు తమ నాలుకలు తీసి విస్తళ్ల పక్కన పెట్టి లేచి వెళ్లిపోతారు. నాలుకలన్నీ చేదుతో మెలికలు తిరుగుతూ నా పేరే పలుకుతున్నాయి. హైమక్క పేరు ఒక్కదానికీ గుర్తులేదు. నేను ఒక్కొక్క దాని మీద నెయ్యి చుక్క వేసుకుంటూ పోతున్నాను.

గుమ్మంలో, నోళ్లు లేని జనం రెండో బంతికి చెప్పులు విప్పుతున్నారు.