వేరే గిలాస

దుబాయ్‌ల ముదీర్, అదే మేనేజర్, తియ్యగ మాట్లాడిండంటే జేబు తడుముకోవాలె. అందుకే ఆదివారం అల్ ఖూజ్ క్యాంపుకు హెడ్డాఫీసోళ్లు ఇద్దరొచ్చి "రంగు చూసి ఎవలనన్న తక్కువ చేస్తుండ్రా? భయం లేకుండ చెప్పుండ్రి" అంటే నాకు నవ్వొచ్చింది. భయం లేకుండనట! ఎవల జీతం తిని అడుగుతుండ్రో?

సంగతి గిది. మా ఫోర్‌మెన్ రత్నాకర్, మా జగిత్యాల దిక్కోడే, ఉగాండా నుంచి వచ్చిన ఒకెల్లో అనేటోనికి సైటు మీద నీళ్లకు వేరే గిలాస పెట్టిండు. "నల్లోనికి ఇదే" అని మాతోని తెలుగుల నవ్విండు. మా ఊరి హోటల్ల మా తాతకు గసొంటి గిలాసనే చూరుల చెక్కి పెడుతుండిరి. ఒకెల్లో ఓర్చి ఓర్చి ఒకనాడు దాన్ని రత్నాకర్ కాళ్లకాడ ఇసిరికొట్టిండు. ఖలాస్! వీసా క్యాన్సిల్ చేస్తమంటుండ్రు. గిలాస సంగతి ఒక్కరన్న చెప్తేనే ఆగుతది.

ఒకెల్లోది నా పై మంచం. నాకు జరమొస్తే గంజి కాసి పోసినోడు.

వచ్చిన ఇద్దరిల తెల్ల మేడమ్ నన్ను పిలిచింది. హిందీల ముక్కలు ముక్కలుగ అడుగుకుంట చాయ్ ఇచ్చింది. ముదీర్ పక్కన కూసొని తినే మనిషి, నేనిక్కడ నోరిప్పితే అక్కడ నా టికెట్టు తియ్యరా? "సబ్ అచ్ఛా హై మేడమ్, అందరం అన్నదమ్ముల లెక్క" అన్న. చాయ్ గూడ ముట్టలే.

పక్క గదిల ఒకెల్లోను రెండో ఆయన, మన నిజామాబాద్ రాధాకృష్ణ సారు అడుగుతుండు. అయ్యో, నాకు ఆ సారు దొరికితే మనోడని కడుపు ఇప్పి చెప్పుకుందును. పోనీ, దెబ్బ తిన్నోడు తనే చెప్పుకుంటడు గద, నడుమ నేనెందుకని ఊకున్న.

మంగళారం డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒకెల్లో బ్యాగు సర్దుతుండు.

"ఏమైంది? నువ్వు చెప్పలేదా?"

"ఎవలకు చెప్పాలె? ఆ సారుది రత్నాకర్ మొఖమే, రత్నాకర్ మాటనే. 'నో ప్రాబ్లమ్' అన్న. తెల్లామె పిలిస్తే చెప్పేటోణ్ణి."

"థూ, ఆయన మంచోడయ్యా! నీకు అంత అనుమానమేంది?" అని కస్సుమన్న.

ఒకెల్లో నా దిక్కు చూసిండు. "ఆమె నిన్ను పిలిచింది గద భోజన్నా. నువ్వు చెప్పినవ్ గద?"

సిగ్గుతోని తల దించుకొని, నా గిలాసల నీళ్లు పోసి ఇచ్చిన. ఒకెల్లో దాన్ని మూతికి ఆనకుండ ఎత్తి పోసుకొని తాగి, కడిగి బోర్లించిండు.