గోడ అవతల నక్షత్ర సేన

"నీకు ఇందీ వచ్చుగదా, ఇనపడితే సాలు. మాకు రాదు, మాము సూడాల," అన్నారు మావారు. ఇంతకంటే న్యాయమైన మాట ఉండదన్నట్టు ముందుగదిలో టీవీ ఎదురుగా కూర్చున్న వాళ్లంతా తలూపారు. నేను టీ పొడి డబ్బా చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. మళ్లీ లోపలికి వెళ్లాను.

కూర్మన్నపాలెంలో మా క్వార్టర్ల లైనుకి మొదట టీవీ వచ్చింది మా ఇంటికే. కొన్న గొప్ప మావారు రమణమూర్తిగారిది, దానితో వచ్చిన చాకిరీ నాది. ఆదివారం పొద్దున్నే లైనంతా మా ఇంట్లో దిగిపోతుంది. చాపలు పరవాలి, టీలు అందించాలి, అందరూ వెళ్లాక ఇల్లు ఊడ్చుకోవాలి. ఆవేళ 'నక్షత్ర సేనా' అనే కొత్త హిందీ సీరియల్ మొదటి భాగం. ఆకాశంలో ఓడలు, మిలట్రీ, యుద్ధాలట. అంతకుముందు దాని ప్రకటన వస్తుంటే ఒక ఆడమనిషి గొంతు విన్నాను. "నా ఆజ్ఞ లేకుండా ఎవరూ కదలొద్దు," అంటోంది. కూర కలుపుతున్న గరిటెతోనే పరుగెత్తుకొచ్చాను. అప్పటికే సబ్బు ప్రకటన మొదలైంది. అప్పట్నించీ ఆవిడ మొహం ఒక్కసారి చూడాలని ఒకటే కోరిక. సైన్యంతో అలా మాట్లాడే ఆడది ఎలా ఉంటుందో చూడాలి, అంతే. పైకి చెబితే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

పెళ్లికి ముందు తగరపువలసలో హిందీ విశారద పరీక్ష పాసయ్యాను. పెళ్లయ్యాక, బళ్లో హిందీ చెప్పేందుకు పండిట్ ట్రైనింగుకి వెళ్తానంటే మా మామగారు, "ఇందీ కడుపు నింపుతాదేటి?" అన్నారు. ఆ మాటతో నా పుస్తకాలు అటకెక్కాయి. ఇన్నేళ్లకి ఆ చదువు ఇంట్లోవాళ్లకి పనికొచ్చింది, అదీ నన్ను పొయ్యి దగ్గర్నించి కదలనివ్వకుండా.

సీరియల్ మొదలైంది. నేను స్టవ్ పంపు కొడుతూ, అల్లం దంచుతూ, గోడ ఇవతల్నించి గట్టిగా అర్థం చెబుతున్నాను. ఓడలో ఇంధనం అయిపోవచ్చిందట. శత్రువులు చుట్టుముట్టారట. వెనక్కి వెళ్లిపోదామని సిపాయిలు గొడవ చేస్తున్నారట. అప్పుడు వినిపించింది ఆ గొంతు. నా చేతిలో బండ ఆగిపోయింది.

"ఏటంతందే?" మావారు కేకేశారు.

"ఈ సేనకి నానే పెద్దనంటంది. ఎవలూ ఎనక్కి తగ్గొద్దంటంది."

గదిలో నవ్వులు. పక్క క్వార్టరు తవిటయ్య గొంతు వినబడింది. "ఆవిడ పెద్దేటి బావా? నర్సు అయ్యుంటాది. పక్కన మీసాలోడున్నాడు సూడు, ఆడే పెద్ద."

"అవునెహె. ఒలే తాయారూ, సరిగ్గా యిను. ఆడు సెప్పిందే ఈవిడ సెప్తంది," అన్నారు మావారు.

"సరిగ్గానే యిన్నానండి."

"నీకు కనపడదు గదే, నీకేటి తెలుస్తాది?"

ఇందాక వినపడితే చాలన్న మనిషే! ఒళ్లు మండిపోయింది. ఎన్నేళ్లనించో ఈ ఇంట్లో నాకు ఒక మాట ఒప్పజెప్పడం, నేను దానిమీద నిలబడగానే దాన్ని లాగేసుకోవడం. దంచిన అల్లం మరుగుతున్న టీలో పడేసి స్టవ్ ఆర్పేశాను. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ముందుగదిలోకి వచ్చాను. వెనక క్వార్టరు భ్రమరాంబగారు ఏమీ అడక్కుండా చాప మీద కాస్త జరిగారు. కూర్చున్నాను.

"టీ ఏటయిందే?" అంది మా అత్త సన్యాసమ్మ.

"పొయ్యి మీదుందత్తా. పోసుకోండి."

ఆవిడ గొణుక్కుంటూ గ్లాసుల కోసం లేచింది.

టీవీలో ఆ గొంతు మనిషిని చూశాను. అందగత్తె కాదు. నా వయసే ఉంటుంది, కళ్ల కింద నలుపు, జుట్టు గట్టిగా ముడేసుకుంది. నిద్ర చాలని మనిషి మొహం. అలాంటి మొహాన్ని రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను, దానికి ఎవరైనా లేచి నిలబడతారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. మీసాలాయన ఆవిడ ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. తవిటయ్య దగ్గాడు. మావారు లుంగీ సర్దుకున్నారు. నా మాటే నిజమైందని ఒక్కరూ అనలేదు. నేను చాప మీద ఇంకాస్త ముందుకి జరిగాను.

అప్పుడావిడ సిపాయిలందరి ముందుకీ వచ్చి మాట్లాడడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. చాలాసేపు మాట్లాడేలా ఉంది. ఒక్కో మాటా నాకు తేటగా అర్థమవుతోంది.

"ఏటంతందే?" అన్నారు మావారు.

"సెప్పు సెల్లీ," అన్నాడు తవిటయ్య, ఈసారి మెత్తగా.

గదిలో అందరూ టీవీ వదిలేసి నా వైపు తిరిగారు. కాపరానికి వచ్చాక ఇంతమంది నా నోటి మాట కోసం కాచుకోవడం అదే మొదలు. ఇంకెప్పుడైనా అయితే పొంగిపోయి గబగబా చెప్పేసేదాన్నే. నేను మాత్రం ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ఉండండి," అన్నాను. "ముందు నన్ను సూడనియ్యండి."