అంచు మడతలో ఒక చుక్క

ఆ లాండ్రీలో అత్తగారిని అసలు పేరుతో పిలిచేవాళ్లే లేరు. వీధి వీధంతా ఆవిడ మరకలత్తయ్య. సిరా, తుప్పు, టీ, నూనె, ఏ మరకైనా ఆవిడ చేతికి చిక్కితే తోక ముడవాల్సిందే.

అలాంటి ఇంటి కోడలికి కాన్పయ్యాక రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు వచ్చాయి. కౌంటర్‌లో బట్టలు తీసుకునేది, చీటీలు రాసేది, బేరాలాడేవాళ్ల నోరు మూయించేది ఆమే. పెళ్లయి వచ్చాక ఈ ఇంట్లో ఆమె సొంతంగా సంపాదించుకున్న చోటంటూ ఉంటే అది కౌంటర్ వెనకున్న ఆ ఎత్తు కుర్చీయే.

"మరకలు తీసే కొట్టులో మొహం మీద మరకలతో కూర్చుంటే మనల్నెవరు నమ్ముతారమ్మాయ్?" అంది అత్తగారు. తిట్టలేదు, నిజంగానే దిగులుపడింది. తుప్పు మరక మీద నిమ్మరసం పిండి ఎండలో ఆరేస్తే పోతుంది కదా, బుగ్గ మీదిది మాత్రం ఎందుకు పోదు? పైగా కాస్త వంటసోడా కూడా కలిపి, తన చేత్తోనే పూసి, కోడల్ని మేడ మీద తడిబట్టల మధ్య నిలబెట్టింది.

"మండుతోందత్తయ్యా."

"మండుతోందంటే పని చేస్తోందన్నమాట. ఓర్చుకో."

ఓర్చుకుంది. సాయంత్రానికి బుగ్గలు కమిలిపోయాయి. మర్నాటికి బొబ్బలెక్కాయి. అవి ఎండి తోలు ఊడాక అద్దంలో చూసుకుంటే, మంగు ఉన్నచోట అంతకంటే నల్లటి మచ్చలు.

చర్మం డాక్టరమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "నిమ్మరసం పూసుకుని ఎండలో నిలబడితే కాలదా తల్లీ? దానికి తోడు సోడా, చర్మాన్ని గీరేసినట్టే. కాలినచోట మచ్చ ఇంకా ముదురుతుంది. ఎండ తగలనీయకు. నేనిచ్చిన మందు తప్ప ఇంకేదీ రాయకు. నెలలు పడుతుంది. పూర్తిగా పోతుందని మాటివ్వలేను."

ఇంటికి వచ్చేసరికి అత్తగారు మరకల మందుల అలమర తెరిచి, తెల్లబట్టలకు వాడే బ్లీచు సీసా చేత పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఇది నీళ్లు కలిపి పల్చగా రాద్దాం. అందాకా నువ్వు లోపల ఇస్త్రీ చూసుకో, కౌంటర్‌లో నేను కూర్చుంటా."

"అమ్మ నీ మంచికే చెబుతోంది," అన్నాడు ఇస్త్రీబల్ల దగ్గరున్న మొగుడు, తలెత్తకుండానే.

"అంత మంచిదైతే ముందు మీ మొహానికి రాయించుకోండి."

ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఆగిపోయింది. చొక్కా కాలుతున్న వాసన వచ్చాక గానీ అతనికి తెలివి రాలేదు.

కోడలు కుప్పలోంచి ఇంకో చొక్కా తీసి అత్తగారి ముందు పరిచింది. "అత్తయ్యా, దీని మరక మీద మందు వేసేముందు ఏం చేస్తారు?"

"అంచు మడతలో ఒక చుక్క వేసి చూస్తాను. రంగు దిగుతుందో, బట్టే చిల్లుపడుతుందో. అదేం ప్రశ్న?"

"ఎవరో దారినపోయేవాడి చొక్కాకి అంత జాగ్రత్త! నా మొహాన్ని మాత్రం ఏకంగా ఎండలో ఆరేశారు."

అత్తగారు సీసా మూత బిగించింది.

"ఇప్పుడు చుక్క వేసి చూస్తానన్నా ఒప్పుకోను. నా మొహం బట్ట కాదు. ఉతికి, ఆరేసి తిరిగివ్వడానికి. రేపు కౌంటర్‌లో కూర్చునేది నేనే."

పొద్దున్నే కూర్చుంది. "ఎవరైనా అడిగితే వేడినూనె చిందిందని చెప్పు," అని అత్తగారు వెనకనుంచి గొణిగింది. మొదట వచ్చింది వీధి చివరి టీచరమ్మ.

"అయ్యో, మొహానికి ఏమైందమ్మా?"

"నిమ్మరసం, వంటసోడా పూసుకుని ఎండలో నిలబడ్డానండీ. మచ్చలు పోతాయన్నారు. తోలు పోయింది."

వెనక దగ్గు వినబడింది. టీచరమ్మ చేతిసంచీ వంక చూసుకుంది. "మా అమ్మాయి మచ్చలకని ఇప్పుడే నిమ్మకాయలు కొన్నాను."

"పిండుకుని తాగండి."

"చక్కెర వేసుకుని," అంది వెనకనుంచి మరకలత్తయ్య. "మొహానికి మాత్రం వద్దు తల్లీ. ఆ నిర్వాకం నాదే."

ఆవిడ లేచివచ్చి, కౌంటర్ మీదికి పాకుతున్న ఎండకి అడ్డంగా గుడ్డపరదా లాగింది. కోడలివైపు చూడకుండానే లోపలికి వెళ్లింది.

కోడలు పరదా వంక చూసింది. కాలిన బుగ్గ ఇంకా చిమచిమలాడుతోంది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, తల పైకెత్తి గట్టిగా పిలిచింది.

"తర్వాత ఎవరండీ?"